వరస తప్పిన చదువు

"తొమ్మిదో భాగం తెండి," అంది కల్యాణి.

రాజ్‌కిరణ్ బూట్లు వేసుకుంటూ ఆగాడు. "అది పది భాగాల థ్రిల్లర్. మొదటి నుంచీ వరసగా చదవకపోతే మజా ఏటుంటాది?"

"నాకు తొమ్మిదోదే కావాలండి."

పుస్తకాల విషయంలో అతను కాదనడు. చేతిలో పుస్తకం ఉంటే పెళ్లాం కిటికీ దగ్గర నిలబడదు. బయట తాళం వేసి, లాగి చూసుకుని డ్యూటీకి వెళ్లాడు.

జంషెడ్‌పూర్‌లో మాంగో అనే పేటలో ఆ మూడో అంతస్తు ఇంటికి పెళ్లయినప్పటి నుంచీ తాళమే. కల్యాణి ఫోన్ అతని బీరువాలో ఉంది. పలాస నుంచి కల్యాణి తల్లి ఫోన్ చేస్తే, "నిద్రపోతంది" అంటాడు. అల్లుడి లెక్కన ఆ పిల్ల కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నిద్రపోతూనే ఉంది.

ఊరంతా గాలించినా తెలుగు నవల అద్దెకు దొరికేది జుగ్సలాయిలో హేమ కొట్లోనే. కల్యాణిని అతను అక్కడికి ఒక్కసారే తీసుకెళ్లాడు.

"కొత్తవి వత్తే చెప్తాను. నీ నంబరియ్యమ్మా," అంది హేమ.

"ఆవిడకి ఫోన్ లేదు ఆంటీ. నాతో చెప్పండి," అన్నాడు రాజ్‌కిరణ్.

హేమ ఆ పిల్ల మొహం చూసి, అద్దె చిట్టాలో కల్యాణి పేరుతో ఒక పేజీ తెరిచింది.

అప్పట్నుంచీ అతనే తెస్తున్నాడు. తెచ్చేటప్పుడూ, తిరిగిచ్చేటప్పుడూ ప్రతి పుస్తకాన్నీ దులిపి చూస్తాడు. ఒక్క చీటీ రాలలేదు. ఒక్క పెన్సిలు గీత కనబడలేదు.

తొమ్మిది తర్వాత నాలుగోది అడిగింది. తర్వాత మళ్లీ తొమ్మిదోది.

"చదివేసిందే కదేటి? పాగల్ అయిపోనావా?"

"మర్చిపోయానండి."

"హంతకుడెవడో తెలిసిపోయాక ఇంకేటి చదువుతావు?"

"ఎవడో తెలిసే చదువుతన్నాను. ఎప్పుడు దొరుకుతాడా అని చూత్తన్నాను."

అతను పడీపడీ నవ్వాడు.

ఒకసారి ఏడో భాగం కొట్లో లేదు. "ఏదో ఒకటి ఇచ్చేయండి ఆంటీ. దానికి వరసా లేదు, పాడూ లేదు," అన్నాడు.

"వద్దులే బాబు. వచ్చాక అడిగిందే ఇత్తాను."

ఏడోది వచ్చేదాకా కల్యాణికి ముద్ద దిగలేదు. అది చేతికొచ్చిన రోజే అతను మరో మాట చెప్పాడు.

"ఆదివారం ఇల్లు మారిపోతన్నాం. కొత్త అడ్రసు మీ అమ్మకి చెప్పక్కర్లేదు. ఇంకొక్క పుస్తకం తెత్తాను, అంతే. ఏది కావాలి?"

కల్యాణి కొంగు చాటున వేళ్లు లెక్కపెట్టుకుంది. "మొదటి భాగం."

మర్నాడు కొట్లో అతని మొహం వెలిగిపోతోంది. "ఇప్పటికి బుద్ధొచ్చింది ఆంటీ. మొదటి భాగం అడిగింది."

హేమ పుస్తకం తీసి ఇచ్చింది. అతని బండి మలుపు తిరిగేదాకా చూసింది.

అప్పుడు తన ఫోన్ తీసి, ఇన్నాళ్లూ కల్యాణి అడిగిన భాగాల నంబర్లు పదింటినీ అడిగిన వరసలోనే నొక్కితే, పలాసలో కల్యాణి తల్లి "హలో" అంది.