ఆకుపచ్చ సూర్యుడు

ముసుగు తీయగానే హాల్లో చప్పట్లు మొదలై, సగంలో ఆగిపోయాయి.

డ్రాయింగు మాస్టారు పాపారావు బొమ్మ పక్కన నవ్వుతూ నిలబడ్డాడు. ఏలూరులో ముప్పై ఏళ్లుగా కొల్లేరు సాయంత్రం అంటే ఆయన బొమ్మే. ఈ పోటీలో ఇది నెగ్గితే ఢిల్లీ ప్రదర్శనకి వెళ్తుంది.

"ఇదేం వెలుగండీ మాస్టారూ?" అన్నారు న్యాయనిర్ణేత హనుమంతరావు.

"పొద్దుగూకే వెలుగండి. కొల్లేటికోట నుంచి చూస్తే అంతేనండి."

"సూర్యుడికి పాచి పట్టిందండోయ్!" అన్నారెవరో వెనక నుంచి. హాలంతా నవ్వింది.

శిష్యురాలు బిందు వచ్చి చెవిలో చెప్పింది. "సూర్యుడు ఆకుపచ్చగా ఉన్నాడండి. నీళ్ల మీద గుర్రపుడెక్క ఆకులన్నీ ఎర్రగా ఉన్నాయండి."

పాపారావు మొహం మాడిపోయింది. "ఎవరో నా బొమ్మ మీద రంగు పూశారు! వ్యాన్లో తెచ్చింది నువ్వే కదే?"

"నేను ముసుగే విప్పలేదండి, ఒట్టు!"

"నమ్మి పని నేర్పితే నా కొంపే ముంచావు."

అందరి ముందూ ఆ పిల్లని దొంగని చేశాడు.

నిరుడు ఇదే హాల్లో ఆయనకి సన్మానం జరిగింది. రంగుల్లో మీ ఆవిడ సాయం ఏమైనా ఉందా అని ఎవరో అడిగారు. "దానికి వంకాయ రంగు తప్ప ఏం తెలుసండీ?" అన్నాడు. అంతా నవ్వారు. ముందు వరుసలో ఆయన భార్య లిడియా కూడా నవ్వింది.

తరవాత ఆమె మంచాన పడింది. ఆసుపత్రికే కొత్త రంగు ట్యూబులు తెప్పించుకుంది. ఎప్పటిలాగే ఇంగ్లీషు పేర్ల మీద తెలుగు చీటీలు అంటించింది. "సన్నక్షరాలు మీకు ఆనవు కదండీ. ఇవి ఏడాదికి సరిపోతాయి" అంది. చూసిన నర్సులు కళ్లు తుడుచుకున్నారు. నెల తిరక్కుండా పోయింది.

బిందు గోటితో బొమ్మని గీకింది. "పైన పూసింది కాదండి. అడుగు నుంచీ ఇదే రంగు."

మధ్యాహ్నం గీసి చూపించడానికి ఆయన తెచ్చుకున్న పెట్టె తెరిచింది. 'ఎరుపు' అని చీటీ ఉన్న ట్యూబు తీసి, వేలి మీద పిండి, ఆయన ముందు పెట్టింది.

"ఇదేం రంగండీ?"

పాపారావు చీటీ వైపు చూశాడు. "ఎరుపు."

"చీటీ కాదండి. వేలు చూసి చెప్పండి."

ఆయన కళ్లు మళ్లీ చీటీ మీదికే పోయాయి.

పుట్టుకతోనే ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియని ఆ కళ్ల సంగతి లోకంలో ఒక్క లిడియాకే తెలుసు, ఆ రెండు చీటీలూ తారుమారు చేసి మరీ పోయింది.