గాలి ఇంజనీరు ఇల్లు

అతను భుజంతో గట్టిగా గుద్దేసరికి బాత్రూము గడియ ఊడిపోయింది. లోపల తల్లి గోడకు జారబడి ఉంది. పిలిస్తే పలకలేదు. గ్యాస్ గీజరు మంట ఇంకా మండుతూనే ఉంది.

అతనూ భార్యా ఆమెను హాల్లోకి మోసుకొచ్చారు. చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన పై ఇంటి నర్సు గీజరు కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచి, నాడి చూసింది.

"గీజరు నుంచి వచ్చే విషవాయువండీ. వాసనైనా ఉండదు. అంబులెన్సుకు చెప్పాను. ఇంతకీ మీ బాత్రూములోంచి గాలి పోయే దారి లేదా?"

గుమ్మంలో గుమిగూడిన ఇరుగుపొరుగుల్లోంచి ఎదురింటాయన గొణిగాడు. "ఊళ్ళో ఆఫీసులన్నిటికీ గాలి వచ్చిపోయే లెక్కలు కట్టే గాలి ఇంజనీరు ఇంట్లోనా ఈ చోద్యం?"

అతనికి తల కొట్టేసినట్టయింది. గబగబా వెళ్ళి స్టూలెక్కి చూశాడు. అన్ని అంతస్తుల బాత్రూములకూ ఉమ్మడిగా ఉన్న షాఫ్టులోకి తెరుచుకునే వెంటిలేటరది. దగ్గరుండి తనే పెట్టించాడు. దాని రెక్కల మధ్య సందు లేకుండా గుడ్డ కుక్కి ఉంది. నిన్నటి నుంచీ తన తల ఎందుకు దిమ్ముగా ఉందో ఇప్పుడర్థమైంది. లాగితే, భార్య పాత చీర.

హమ్మయ్య, తప్పు తనది కాదు.

చీర తెచ్చి ఆమె ముందు పడేశాడు. "ఇంజనీరు పెళ్ళానివి, ఈపాటి తెలీదా? చలిగాలి వస్తోందని కుక్కావా, మా అమ్మ పీడ వదిలించుకుందామనా? నిన్నే, మొద్దు మొహమా."

"నేను కాదండీ." అత్తగారి అరచేతులు రుద్దుతూ, తలెత్తకుండానే అంది.

"నువ్వు కాకపోతే దయ్యం వచ్చి కుక్కిందా? పుట్టింట్లో ఇదేనా నేర్పింది?"

గుమ్మంలో ఉన్నవాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు. అవి కొత్త మాటలు వింటున్న మొహాలు కావు. ఎదురింటాయన నేలచూపులు చూస్తున్నాడు.

నర్సు మెల్లగా అంది. "పొద్దున లేస్తే మీరు ఆవిణ్ణి అనే మాటలన్నీ ఆ షాఫ్టులోంచి మా ఇళ్ళలోకి వచ్చేవండీ. నిన్నటి నుంచీ వినబడలేదు. పోన్లే, మీరు మారారనుకున్నాం."

అతనికి నలుగురిలో బట్టల్లేకుండా నిలబడ్డట్టుంది. వంగి ఆ చీర తీసుకున్నాడు. ఎక్కడ పెట్టాలో తెలియక చేతుల్లోనే నలుపుతూ ఉండిపోయాడు.

అప్పుడు కదిలింది తల్లి. కళ్ళు విప్పి కోడలి చెయ్యి వెతికి పట్టుకుంది. కొడుకు ఆత్రంగా మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"దాన్నేమీ అనకురా," అంది ఆమె గాలి కూడదీసుకుంటూ. "కుక్కింది నేను. లిఫ్టులో నలుగురికీ మొహం చూపించలేక... నీ నోరు మూయించడం చేతకాక, ఆ కంత మూశాను."