ముఖానికి పెరుగు వద్దు

పదిహేడో నంబరు పిలవగానే రేణుకమ్మ కొంగు నడుముకు చెక్కుకుని లోపలికి నడిచింది.

కంఠేశ్వర్ బజారులో ఇరవై ఏళ్లుగా ఆమె పెరుగు అమ్ముతోంది. ముఖానికి పూసుకోవడానికి కాలేజీ అమ్మాయిలు కూడా ఆమె దగ్గరే కొనేవారు. చర్మం డాక్టర్ ఉమారాణి తన క్లినిక్ ముందు ‘ముఖానికి పెరుగు పూయరాదు’ అని బోర్డు పెట్టింది. అంతే, రేణుకమ్మ పెరుగుతో ముఖాలు కాలుతున్నాయని బజారంతా పాకింది. రెండు రోజులు ఓపిక పట్టింది రేణుకమ్మ. మూడో రోజు అందరిలాగే టోకెన్ తీసుకుని కూర్చుంది.

“ఆ బోర్డు తీసెయ్” అంది, నిలబడే.

“మేడంతోని గట్లనా మాట్లాడేది?” భీమ్‌గల్ నుంచి కొత్తగా వచ్చిన నర్సు సవిత కసిరింది.

డాక్టర్ చెయ్యెత్తి ఆపింది. “బయట పేషెంట్లున్నరు. తర్వాత మాట్లాడుదాం అమ్మా.”

“ఇప్పుడే. బోర్డు అందరి ముంగట పెట్టినవ్. జవాబు గూడ అందరి ముంగటనే చెప్పాలె.”

“ఈ నెలల ముగ్గురు పిల్లలు మొఖాలు కాల్చుకొని వచ్చిండ్రు. బోర్డు నేను తియ్య.”

ఆ గొంతులోని మొండితనం రేణుకమ్మకు కొత్త కాదు. గబగబా బయటికి వెళ్లి, తన దగ్గర పెరుగు కొన్న, చెంపలు ఎర్రగా కమిలిన ఒక అమ్మాయిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

“అంకితా, ఉన్నదున్నట్టు చెప్పు బిడ్డా. పెరుగుల ఏం కలిపినవ్?”

అంకిత తల దించుకుంది. “నిమ్మరసం. ఫోన్ల చూసిన. మొటిమలు పగిలి ఉండె... అయినా తెల్లారేదాక ఉంచుకున్న.”

“ఇన్నవా?” డాక్టర్ వైపు తిరిగింది రేణుకమ్మ. “పుండు మీద నిమ్మకాయ పిండితే మండదా?”

“పెరుగుతోని తెల్లగ అయితరని వీళ్లకు చెప్పిందెవరు మరి?”

“నేనైతే చెప్పలే. మెత్తగ అయితది అన్న, తెల్లగ అన్లే. తాజా పెరుగు కావాలె. ముందుగాల మోచెయ్యి కాడ జర పూసి ఒక దినం చూడాలె. దురద పెడితే ముట్టొద్దు. పావుగంటల కడుక్కోవాలె. పుండున్న కాడ అసలే వద్దు. గివన్ని రాయి. ఒక్క ముక్క రాసి నా పెరుగును దొంగను చేస్తే ఊకుంటనా?”

డాక్టర్ అంకిత చెంపలు దగ్గరగా చూసింది. తర్వాత బోర్డు లోపలికి తెప్పించింది. పాత మాట కొట్టేసి, రేణుకమ్మ చెప్పినవన్నీ రాసింది. చివర తన మాట ఒకటి చేర్చింది: ‘పెరుగు మందు కాదు.’

“గది నిజమే” అని ఒప్పుకుని రేణుకమ్మ బయటికి నడిచింది.

సవిత మెట్ల దాకా వెంట వచ్చింది. “గంత పెద్ద డాక్టరమ్మను పట్టుకొని నువ్వు నువ్వు అంటివి. జర్రంతన్న భయం లేదా అవ్వా?”

“నా కడుపుల పుట్టిన బిడ్డకు నేనెందుకు భయపడ్త?”