పాలు ముందా?

క్లైవ్ కళ్లెదుటే ఘోరం జరిగిపోతోంది. ఆపమందామంటే నోరు పెగలదు.

డోరీన్ కప్పులో ముందు పాలు పోసింది. ఆ చల్లటి పాలలో టీ సంచి పడేసింది. పైన, సరిగ్గా మరగని నీళ్లు. చెంచాతో సంచిని కప్పు అంచుకేసి పిండి, పిండి, బూడిద రంగు నీళ్లేవో అతని చేతిలో పెట్టింది.

"తాగు" అంది, అతని మూతి వంకే చూస్తూ. కారితే తుడవడానికి కాబోలు, చేతిలో రుమాలు.

క్లైవ్ తాగాడు. ఏం చేస్తాడు? శరదృతువులో వచ్చిన పక్షవాతం కాలినీ చేతినీ మాటనీ మూడింటినీ పట్టుకుపోయింది. చెయ్యి కాస్త తిరిగొచ్చింది. మాట రాలేదు. లోపల అంతా బాగానే ఉంటుంది. నోటి దాకా వచ్చేసరికి ఉత్త గాలి.

పెళ్లయి ఏడాది కాలేదు. ఇద్దరికీ అరవై దాటాక, అదే మొదటి పెళ్లి. స్కిప్టన్ ఊరంతా నవ్వింది. వాళ్లిద్దరూ ఇంకా ఎక్కువ నవ్వారు.

అసలు పరిచయమే టీ దగ్గర. చర్చి హాల్లో పాత సామాన్ల అమ్మకం రోజున డోరీన్ టీ బల్ల వెనక నిలబడి, కప్పుల్లో వరసగా పాలు పోసుకుంటూ పోతోంది.

"బుద్ధుందా? పాలు ముందా?" అన్నాడు క్లైవ్.

"బుద్ధుంటే నీలాంటివాడికి టీ పోస్తానా?" అంది ఆమె.

వారం తిరక్కుండా అతని వంటింట్లో అతని పద్ధతంతా నేర్చేసుకుంది. ముందు వేడినీళ్లతో కడిగి టీపాట్‌ని వెచ్చబెట్టాలి. మనిషికో చెంచా ఆకు, పాట్‌కో చెంచా. నీళ్లు తెర్లుతుండగానే పొయ్యాలి. వేడి పోకుండా పాట్‌కి ఉన్ని టోపీ తొడగాలి. ఆ టోపీ డోరీన్ అల్లిందే, పసుపూ ఆకుపచ్చా చారలతో, నెత్తిన కుచ్చుతో. "దీనికి నీకంటే మంచి జుట్టుంది" అని క్లైవ్ బట్టతల నిమిరేది.

ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా కొన్నాళ్లు అదే టీ. తరవాత ఒకరోజు మాటలు నేర్పే డాక్టరమ్మ వచ్చింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర డోరీన్‌కి గుసగుసగా ఏదో చెప్పింది. డోరీన్ మొహం మారిపోయింది. ఎండలు మొదలయ్యేలోపు మాట రాకపోతే ఇక కష్టమని ఆసుపత్రిలోనే అన్నారు. ఆశ వదులుకోమని చెప్పుంటుందనుకున్నాడు క్లైవ్.

మర్నాటి నుంచే టీ చెడింది. ముందు పాట్ మాయమైంది. తరవాత పాలు ముందుకొచ్చాయి. తరవాత చక్కెర, జన్మలో వేసుకోని మనిషికి రెండు చెంచాలు. పైగా రోజూ నాలుగింటికి అతని చక్రాల కుర్చీని వంటింటి గుమ్మం దాకా తోసుకొచ్చి మరీ, కళ్లముందే.

పక్కింటి బెరిల్ అది చూసి గుండె పట్టుకుంది.

"ఏమే డోరీన్, ఇదేం టీ? బాగున్న రోజుల్లో అయితే నిన్నూ కెటిల్‌నీ కలిపి కాలవలో పడేసేవాడు!"

"ఇప్పుడేమంటాడులే" అంది డోరీన్.

ఆ మాట గుచ్చుకుంది. అంతకన్నా గుచ్చుకున్నది ఇంకోటుంది. ఒకసారి వెనక సామాన్ల గదిలోంచి మంచి ఆకు వాసన వచ్చింది. తనకి మాత్రం మంచిది కాచుకుంటోందన్నమాట. మూగ మొగుడికి ఏదైతేనేం?

విసిగిపోయింది, పాపం. తప్పు ఆమెది కాదు. ఏడాదైనా నిండని కాపురానికి ఇంత చాకిరీ ఎవరు చేస్తారు? నన్ను వదిలెయ్యకు అని చెప్పాలని ఉంది. ఒక్క మాట. ఒక్కటి వస్తే చాలు.

ఇవాళ బయట ఒకటే వాన. డోరీన్ కుర్చీని గుమ్మం దగ్గర ఆపింది. కెటిల్ వంక చూడనైనా లేదు. పంపు కింద కప్పు పట్టింది. చన్నీళ్లు. అందులోనే టీ సంచి, పాలు, చక్కెర. తీసుకెళ్లి మైక్రోవేవ్‌లో పెట్టి మీట నొక్కింది.

మైక్రోవేవ్‌లో. టీ!

అద్దం వెనక కప్పు తాపీగా తిరుగుతోంది. క్లైవ్ కుర్చీ చెయ్యి పట్టుకుని ముందుకి వంగాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"బు..."

డోరీన్ వెనక్కి తిరగలేదు. మీట మీద వేలు అలాగే ఉండిపోయింది.

"బు... బుద్ధుందా!" క్లైవ్ అరిచాడు. "పాట్! పాట్... ఏదీ?"

మైక్రోవేవ్ ఠంగుమని ఆగింది.

"బుద్ధుంటే నిన్ను చేసుకుంటానా?" అంది డోరీన్.

వెనక గదిలోకి పరిగెత్తి, పసుపూ ఆకుపచ్చా టోపీ తొడిగిన టీపాట్‌ని రెండు చేతులా పట్టుకొచ్చింది. మూతి దగ్గర పొగలు.

కోపమొస్తే మాట తన్నుకురావచ్చని డాక్టరమ్మ చెప్పివెళ్లిన మర్నాటి నుంచీ ఆమె రోజూ ఇలాగే, ముందు పాట్ వెచ్చబెట్టి, ఇద్దరికీ సరిపడా టీ కాచి, ఇవాళైనా తిడతాడేమోనని ఎదురుచూసి, తిట్టకపోతే ఒక్క గుక్కైనా ముట్టకుండా పారబోస్తూ వస్తోంది.