ఘాట్‌రోడ్డు పరీక్ష

“కొండెక్కించి సూడకుండా కారెలా కొంతాం బావా? బొర్రా దాకా ఓ సుట్టేసి వొచ్చేద్దారి,” అంటూ కారు బేరానికొచ్చిన నీలకంఠం తాళాలు అందుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

దువ్వాడలో మోహనకృష్ణ తన ఇంటిముందు అమ్మకానికి పెట్టిన ఆ కారుకు చదునునేల మీద ఏ రోగమూ లేదు. ఘాట్ ఎక్కితే మాత్రం ఇంజను ఉడికిపోతుంది. ఆ సంగతి దాచాడు కనుక కాదనలేకపోయాడు. వెనక సీట్లో నీలకంఠం తల్లి పైడితల్లమ్మ అప్పటికే పులిహోర క్యారేజీతో సర్దుకుని కూర్చుంది.

“పెద్దావిడకు శ్రమెందుకండీ?”

“అమ్మ నడుం పట్టేత్తాదో నేదో సూడాల గదా! కొనీసినాక ఏటి సేత్తాం?”

శృంగవరపుకోట దాటాక దారి కొండల్లోకి మళ్లింది. మోహనకృష్ణ చూపు లోయ మీద లేదు. ఇంజను వేడి చూపే ముల్లు మీద ఉంది. ముల్లు ఎర్రగీత వైపు జరగసాగింది.

“ఆపండాపండి! లోయ చూడాలంటే ఇక్కడే చూడాలి. దిగండి, ఫొటో తీస్తాను.”

ఇంజను చల్లారేదాకా తీశాడు. నాలుగు మలుపులు తిరిగేసరికి ముల్లు మళ్లీ లేచింది. ఈసారి కాఫీ తోటలు చూపించాడు. అనంతగిరిలో తానే బొంగు చికెన్ తినిపించాడు. మిరియపు తీగకూ కాఫీ మొక్కకూ ఉన్న చుట్టరికం గురించి తెలిసిందీ తెలియనిదీ కలిపి చెప్పాడు. చల్లగాలి వీస్తున్నా చెమటకు అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది.

“ఈ కొండలన్నీ నీకు కొట్టినపిండే బావా!” అన్నాడు నీలకంఠం మెచ్చుకోలుగా.

చివరికి బొర్రా దగ్గర లోయ అడుగున గోస్తని నది తళుక్కుమంది. ఇంజను పొగ చిమ్మలేదు. మోహనకృష్ణ పొద్దుటినుంచి బిగబట్టిన ఊపిరి వదిలాడు.

“చూశారుగా, కారు ఎలా ఎక్కిందో! ఇక ఖాయం చేసుకుందామా?”

నీలకంఠం వినిపించుకోనట్టు ఫోను పట్టుకుని ఏటివైపు నడిచాడు. పైడితల్లమ్మ మాత్రం మోహనకృష్ణ బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది.

“నీ కడుపు సల్లగుండ, ఈ ఏరు సూపించినావు! ఇంకో కారు మాకేటి సేసుకోడానికి బాబూ? కంచరపాలెంలో ఇంటికాడ ఒకటుంది. కొండెక్కితే ఉడికిపోతాదని ఇయ్యాల నీదాంట్లో వొచ్చినాం!”