ప్రాణమున్న దెబ్బ

"ఏమండీ, మీ ధబధబలు ఇవాళ కాస్త తగ్గించండి. కింద లెక్కల మాస్టారికి ఒంట్లో బాగోలేదట. కొడుకూ కోడలూ ఊరెళ్ళారు, ఒక్కరే ఉన్నారు పాపం," అంది భార్య, పనికి బయల్దేరుతూ.

"సరే."

"సరే అంటారు, నేను సందు మలుపు తిరగ్గానే మొదలెడతారు. నా సవతి ముందు కూర్చున్నాక మీకు ఇంకోటి కనిపిస్తేగా!"

సవతంటే మాడ్యులర్ సింథసైజర్, కరెంటుతో రకరకాల శబ్దాలు పుట్టించే వాయిద్యం. చెక్క చట్రంలో వరసగా బిగించిన చిన్న చిన్న పెట్టెలు, వాటి మధ్య చిక్కుపడ్డ కేబుళ్ళు. చేతికి దొరికేలా అతని మెడలో కూడా ఎప్పుడూ రెండు మూడు కేబుళ్ళు టైలరు టేపులా వేలాడుతుంటాయి. ఆ వరసలో రెండు వేళ్ళ వెడల్పున్న పెట్టె ఒకటుంది. అది కిక్ డ్రమ్, పెద్ద డ్రమ్ము దెబ్బలా మోగడం దాని పని. ఒక నాబ్ తిప్పితే దెబ్బ లోతుకి దిగుతుంది. ఇంకోటి తిప్పితే దెబ్బ వెనకాల మోత సాగుతుంది. దాని సంసారమంతా ఇంతే. ఆ ఇంతతోనే అతని ప్రాణం తోడేస్తోంది.

ఇప్పుడతను శబ్దాలు సమకూరుస్తున్న నాటకం డైరెక్టరుకి తెర లేవగానే చీకట్లో డ్రమ్ము మోగాలి. "ప్రాణమున్న దెబ్బ కావాలయ్యా," అంటాడు. ఏది వినిపించినా "ఇది చచ్చిపోయింది" అంటాడు. ఆ ప్రాణమేదో ఏ కొట్లో దొరుకుతుందో మాత్రం చెప్పి పుణ్యం కట్టుకోడు. ఇవాళ కుదరకపోతే పని వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది. అలా జరిగితే ఈ సరంజామా అంతా అమ్మేసి, బావమరిది టైర్ల షాపులో కూర్చుంటానని భార్యకి మాటిచ్చేశాడు. ఇచ్చిన దగ్గర్నుంచి అన్నం సయించడం లేదు.

భార్య మలుపు తిరిగింది. అతను మొదలెట్టాడు.

ధబ్. ధబ్. ధబ్. టేబులు కింద, నేల మీదున్న స్పీకరు అదిరింది.

మామూలుగా అయితే ఈపాటికి మాస్టారు మంచం దిగకుండానే, రబ్బరు తొడుగున్న చేతికర్రతో గోడని దబాదబా బాదేవారు. "ఏమోయ్ ధబధబా! ఆపుతావా, పైకి రానా?" అని ఇల్లెగిరిపోయేలా కేకలు. ఇవాళ ఆ ఊసే లేదు. నిద్రపోతున్నారు కాబోలు, బతికాను అనుకున్నాడు.

లోతు పెంచాడు. తగ్గించాడు. మోత సాగదీశాడు. కత్తిరించాడు. ఎలా తిప్పినా అదే రేకు డబ్బా చప్పుడు. భుజాలు లాగేస్తున్నాయి, కళ్ళు మండిపోతున్నాయి.

ఫోను మోగింది. డ్రమ్ము నోరు మూయించి ఫోనెత్తాడు.

"ఏమయ్యా, వచ్చిందా?" డైరెక్టరు.

"వస్తోంది సార్."

"నీ దెబ్బ ఏ బస్సెక్కిందో గానీ, ఎప్పుడూ దార్లోనే ఉంటుంది! ఇంకాసేపట్లో చేస్తాను. వినిపించావా సరే, లేదంటే నీ దారి నీది."

తిట్టుకోవడానిక్కూడా ఓపిక లేదు. టేబులు మీద తల వాల్చాడు. అలా వాల్చిన తల ఎంతసేపు ఉండిపోయిందో.

ధబ్.

ఉలిక్కిపడి లేచాడు. పెట్టె మీద ఎర్ర లైటు ఎప్పట్లాగే వెలిగి ఆరుతోంది.

ధబ్... ధబ్.

దెబ్బ లైటుతో సరిగ్గా కలవడం లేదు. ఒకసారి వెనకపడుతోంది, ఒకసారి తొందరపడుతోంది. వేడెక్కితే ఈ పెట్టెలకి పెంకితనం వస్తుంది, అతనికి కొత్తేం కాదు. కానీ ఎంత బాగుందీ! ఊపిరి బిగబట్టి నాబ్ ఒక్క వెంట్రుకవాసి తిప్పాడు. ధబ్. ఇంకాస్త మెత్తబడింది. ఇంకోటి తాకాడు. ఈసారి దెబ్బ వెనకాలే ఏదో గీరుకుంటూ జారినట్టు సన్నటి మోత. ఇన్నాళ్ళూ ఎంత వెతికినా దొరకని మోత.

మళ్ళీ ఫోను. ఈసారి డ్రమ్ము జోలికే పోలేదు. మాట్లాడకుండా ఫోను తీసుకెళ్ళి స్పీకరు పక్కన నేల మీద పెట్టాడు.

ధబ్.

చాలాసేపు ఏమీ లేదు.

ధబ్.

"అబ్బ!" అన్నాడు డైరెక్టరు. "ఇదయ్యా నేనడిగింది! ఆ చీకట్లో ఎవరో నిజంగా ఉన్నట్టుంది. ఎలా చేశావ్?"

"ఏదో సార్... అలా కుదిరింది."

"ఇంక ముట్టుకోకు. నేనిక్కడ రికార్డు చేసేసుకున్నాను. ఈ నాటకమే కాదు, వచ్చేది కూడా నీదే. వెళ్ళి హాయిగా పడుకో."

ఫోను పెట్టేసి అక్కడే నేల మీద కూలబడ్డాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. టైర్ల షాపు తప్పింది. పని అయిపోయిందని దానికీ తెలిసిందేమో, డ్రమ్ము దానంతటదే ఆగిపోయింది.

లేచి, స్పీకరుకి వెళ్ళే కేబులు పీకుదామని చెయ్యి పెట్టాడు. పెట్టెకి కేబులే లేదు.

తడుముకుంటే మెడలో ఉంది, చేతిలోకి లాక్కున్నాడు. ఇందాక డైరెక్టరు మొదటిసారి ఫోను చేసినప్పుడు తనే పీకి మెడలో వేసుకున్నాడు. అప్పట్నుంచీ ఇది మోగనే లేదు!

మరి మోగిందేమిటి? స్పీకరు వైపు చూశాడు, దాని కిందున్న నేల వైపు చూశాడు. నవ్వు తన్నుకొచ్చింది. ఓరి నాయనో, మాస్టారి కర్ర! ఇంతసేపూ వట్టి పెట్టెకి నాబ్‌లు తిప్పి మురిసిపోయానా? ముసలాయన కోపాన్ని పట్టుకెళ్ళి నాటకానికి అమ్మేశానన్నమాట! భార్యకి చెబితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంది.

నవ్వుతూనే చేతిలోని కేబులు వైపు మళ్ళీ చూశాడు, నవ్వు ఆగిపోయింది.

పైన చప్పుడే లేనప్పుడు మాస్టారు కొట్టింది ఆపమని కాదు, రమ్మని.