లియోకాడియా కప్ప

టాంజానియాలోని మొరోగోరోలో కప్పల మీద పరిశోధన చేసే కొబేలో అనే శాస్త్రవేత్త గదిలోకి, అతని అత్తగారు లియోకాడియా విశ్వవిద్యాలయ వార్తాపత్రిక ఊపుకుంటూ వచ్చింది.

"ఏమయ్యా అల్లుడూ! కొత్త రకం కప్ప దొరికితే దానికి నా పేరు పెడతావా? బజార్లో అరటికాయలమ్మేవాళ్లంతా నన్ను చూసి బెకబెకమంటున్నారు!"

"అది గౌరవం అత్తయ్యా. వేలెడంతే ఉంటుంది గానీ, అరిస్తే రెండు కొండల అవతలికి వినిపిస్తుంది."

"అంటే నాది గయ్యాళి నోరనేగా?"

కొబేలో మాట తప్పించాడు. "శాస్త్రంలో ఒకసారి పేరు పెట్టాక ఇక ఎవరూ మార్చలేరు అత్తయ్యా. ప్రపంచమంతా అదే పేరు."

ఆమె కుర్చీలో కూలబడింది. "ఎన్నున్నాయేమిటి, నా పేరువి?"

"మాకు కనిపించినవి పదకొండే. అవి బతికే వాగు పక్క చెట్లు నరికేస్తున్నారు. మూడేళ్లుగా ఆఫీసులకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను, పట్టించుకునేవాడే లేడు."

లియోకాడియా పత్రికలోని కప్ప బొమ్మను వేలితో నిమిరింది. తిడుతుందో, ఏడుస్తుందో అతనికి అంతుపట్టలేదు.

"నరికేదెవడు?"

"మీ ఊరివాడే. బొగ్గులు కాల్చే రెమీజియస్."

"వాడా! వాడికి బొడ్డు కోసింది నేనేనయ్యా!" ఆమె కొంగు నడుముకు బిగించి లేచింది. "ఉత్తరాలు రాశాడట, ఉత్తరాలు! పద."

పెళ్లినాటి నుంచీ ఆమె అలికిడికే హడలిపోయే కొబేలోకు, ఆ కోపం తన పక్షాన ఉంటే ఎంత ధైర్యమో మొదటిసారి తెలిసింది. నవ్వు ఆపుకుంటూ ఆమె వెనకాలే పరుగెత్తాడు.